16 నెలల దాస్తాన్: ఆటగాళ్ల షికాయత్‌కు ఒక చరిత్ర

మొన్న మా ఆపా ఇంట్లో దావత్. భోజనాలయ్యాక పెద్దవాళ్లంతా పాన్‌దాన్ చుట్టూ చేరారు. ఇంజినీరింగ్ రెండో ఏడాది చదివే మా భాంజా మాత్రం ముఖం మాడ్చుకుని ఓ మూలన కూర్చున్నాడు.

"ఏం బేటా, ఎవరితో లడాయి?" అని అడిగాను.

"ఎవరితోనూ లేదు మామూ. ఒక గేమ్ రెండో భాగం కోసం మూడేళ్లు ఇంతెజార్ చేశాను. పాకెట్ మనీ దాచుకుని మరీ కొన్నాను. మొత్తం ఖరాబ్ చేసి పెట్టారు" అన్నాడు.

మా దుల్హాభాయ్ గట్టిగా నవ్వారు. "ఆట బాగాలేదని కూడా మాతం చేస్తారా?" అన్నారు. అందరూ నవ్వారు. పిల్లవాడు మరింత ముడుచుకుపోయాడు.

నేను పక్కన కూర్చుని, "ఏం ఖరాబ్ చేశారో ఒక్కొక్కటిగా చెప్పు" అన్నాను. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మొదటి భాగంలో ఉన్న స్వేచ్ఛ తీసేశారన్నాడు. చూసిన చోటే మళ్లీ మళ్లీ చూపిస్తున్నారన్నాడు. తను ఏం ఎంచుకున్నా కథ ఒకే దారిన పోతోందన్నాడు. వకీలు కోర్టులో వాదించినంత సాఫ్‌గా చెప్పాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఇది పిల్లల జిద్ కాదు. కహానీ వినడం తెలిసిన వాడి షికాయత్.

ఈ షికాయత్ కొత్తదేం కాదు. దీనికీ ఒక చరిత్ర ఉంది. అందులో అన్నిటికంటే ఎక్కువ బహస్ నడిచిన కిస్సాల్లో ఒకటి 2011 నాటి 'డ్రాగన్ ఏజ్ 2'. ఇవాళ దాని సంగతి చెబుతాను. గేములు ఆడే పిల్లలకు ఇందులో కొంత తెలిసే ఉంటుంది. ఆడని అమ్మీ అబ్బాలకు మాత్రం కాస్త మొదటి నుంచీ చెప్పాలి.

ముందు దాస్తాన్ గురించి రెండు మాటలు

ఈ రకం ఆటలను రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. మతలబ్, ఆడేవాడు కథలో ఒక పాత్రగా మారిపోతాడు. మన పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది దాస్తానే. జాదూగర్లు, అయ్యార్లు, తిలిస్మ్‌లు, దేవ్‌లు అన్నీ ఉంటాయి. తేడా ఒక్కటే. దాస్తాన్‌లో అమీర్ హమ్జా ఏం చేశాడో మనం వింటాం. ఇక్కడ హమ్జా ఏం చేయాలో మనమే చెబుతాం.

పాత జమానాలో దాస్తాన్‌గో మెహఫిల్‌లో కూర్చుని నోటితో చెప్పేవాడు. ఎదురుగా వినేవాళ్లు ఉండేవారు. వాళ్లు ఆవలిస్తే అతనికి కనబడుతుంది. వెంటనే జంగ్‌లోకి దూకుతాడు, లేదా అయ్యార్ చేత ఓ చిలిపి పని చేయిస్తాడు. షికాయత్ కూడా అక్కడికక్కడే, ఇలాజ్ కూడా అక్కడికక్కడే.

అచ్చు యంత్రం వచ్చాక ఆ దూరం పెరిగింది. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ 1883 నుంచి 'తిలిస్మే హోష్‌రుబా'ను సంపుటాలుగా వేసింది. మొదటి నాలుగు సంపుటాలు మహమ్మద్ హుసేన్ జాహ్ రాశారు. మిగిలినవి అహ్మద్ హుసేన్ ఖమర్ చేతికి వెళ్లాయి. కథ అదే, చెప్పే గొంతు మారింది. వినేవాడు ఇప్పుడు మెహఫిల్‌లో లేడు. ఎక్కడో తన ఊళ్లో, చేతిలో అచ్చయిన కితాబుతో ఉన్నాడు. జాహ్ గొప్పా, ఖమర్ గొప్పా అనే బహస్ మాత్రం అదబ్ తెలిసిన వాళ్ల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది.

వీడియో గేమ్‌కు వచ్చేసరికి ఈ దూరం ఇంకా పెద్దదైంది. కథ చెప్పేది ఒక్క మనిషి కాదు, వందల మంది. వినేవాళ్లు లక్షల మంది. ఆవలింత కనబడేది ఆట అమ్ముడుపోయాకే. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత జరిగిందంతా తేలిగ్గా అర్థమవుతుంది.

డాక్టర్లు పెట్టిన దుకాణం

కెనడాలో ఎడ్మంటన్ అనే నగరం ఉంది. చలి దేశం. అక్కడ 1995లో బయోవేర్ అనే సంస్థ మొదలైంది. పెట్టినవాళ్లలో రే మ్యుజికా, గ్రెగ్ జెష్చుక్, అగస్టీన్ యిప్ ముగ్గురూ వైద్యం చదివిన డాక్టర్లు. యిప్ తర్వాత తన వైద్యానికే తిరిగి వెళ్లిపోయారు. మిగిలిన ఇద్దరూ స్టెతస్కోప్ పక్కన పెట్టి ఆటల్లోనే ఉండిపోయారు. ఈ డాక్టర్ల మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరపడుతుంది.

1998లో వాళ్లు 'బాల్డర్స్ గేట్' తెచ్చారు. కాగితం, పాచికలతో స్నేహితులు కూర్చుని ఆడుకునే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' నియమాల మీద కట్టిన ఆట అది. ఆడేవాడు ఒంటరి కాదు, అతని వెంట సాథీల ఖాఫిలా ఉంటుంది. ఆ సాథీలు మాట్లాడతారు, పోట్లాడుకుంటారు, నారాజ్ అయితే వదిలి వెళ్లిపోతారు. ఈ పద్ధతి బయోవేర్‌కు గుర్తింపు తెచ్చింది.

ఆ దారిలోనే 2004లో 'డ్రాగన్ ఏజ్' అనే కొత్త ఆట ప్రకటించారు. అది బయటికి వచ్చింది 2009 నవంబరులో, 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్' పేరుతో. అయిదేళ్లకు పైగా మెహనత్. ఈలోగా బయోవేర్‌ను ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద అమెరికా కంపెనీ కొనేసింది. 2007లో ఆ సౌదా ప్రకటించారు, 2008 మొదట్లో పూర్తయింది.

ఆరిజిన్స్ ఎందుకు దిల్ గెలిచింది? మొదటి కారణం, ఆరంభాలు ఆరు. నువ్వు నవాబు ఇంటి బిడ్డవి కావచ్చు, మంత్రగాడివి కావచ్చు, నగరంలో అణగదొక్కిన బస్తీలో పుట్టిన ఎల్ఫ్‌వి కావచ్చు, భూమి కింద రాజ్యంలో కులం లేని మరుగుజ్జువి కావచ్చు. ఎక్కడ పుట్టావో దాన్ని బట్టి లోకం నీతో మాట్లాడే తీరు మారుతుంది. బస్తీలో పుట్టినవాడికి దర్బార్‌లో దొరికే ఇజ్జత్ వేరు, నవాబు బిడ్డకు దొరికేది వేరు. రెండో కారణం, జంగ్‌లో తొందర లేదు. ఆట ఆపి, కంప్యూటర్ మీదైతే పైనుంచి మైదానం చూసి, షత్రంజ్ పావులు కదిపినట్టు ఒక్కో సాథీకి ఒక్కో హుకుం ఇవ్వచ్చు. మూడో కారణం, నీ ఫైసలాలకు బరువు ఉంది. ఎవరిని తఖ్త్ మీద కూర్చోబెట్టాలో కూడా నువ్వే తేల్చాలి.

ఇదంతా ఆడేవాడి దృష్టిలో ఒక వాదా. నీ కథ నీ చేతుల్లో ఉంటుందని ఆట అతనికి మాట ఇచ్చింది.

16 నెలలు

రెండో భాగం 2011 మార్చి 8న అమెరికాలో విడుదలైంది. మొదటి దానికీ దీనికీ మధ్య ఎడం 16 నెలలు. మొదటిదానికి అయిదేళ్లు పట్టిన చోట ఇది ఎలా సాధ్యమైంది?

జవాబు తర్వాతి ఏళ్లలో అందులో పనిచేసినవాళ్ల మాటల ద్వారానే బయటికి వచ్చింది. అదే సంస్థలో 'స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్' అనే భారీ ఆట తయారవుతోంది. అది ఆలస్యమైంది. కంపెనీ జమాఖర్చుల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. ఆ ఖాతాలో ఖాళీ కనబడకూడదు. అది నింపడానికి ఏదో ఒకటి కావాలి. ఆ బోఝ్ డ్రాగన్ ఏజ్ బృందం మీద పడింది. ఆట మార్చి మొదటి వారం దాటగానే వచ్చిందంటే ఆ లెక్క అర్థమవుతుంది.

అంటే కహానీ ఎప్పుడు పండుతుందో నిర్ణయించింది కహానీ చెప్పేవాడు కాదు, మునీమ్.

దిశ విషయంలోనూ లోపల అందరూ రాజీ కాదు. మొదటి ఆటకు లీడ్ డిజైనర్‌గా ఉన్న బ్రెంట్ నోల్స్ 2009లోనే సంస్థ వదిలారు. రెండో భాగం పోతున్న దారి తనకు నచ్చేది కాదని ఆ తర్వాత ఆయనే రాసుకున్నారు. మైక్ లెయిడ్‌లా లీడ్ డిజైనర్ అయ్యారు. కథ పగ్గాలు మాత్రం మొదటి భాగం రాయించిన డేవిడ్ గైడర్ దగ్గరే ఉన్నాయి.

ఆలోచన చెడ్డది కాదు

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, డ్రాగన్ ఏజ్ 2 వెనక ఉన్న ఖయాల్ అందమైనది. ప్రపంచాన్ని కాపాడే హీరో కథ మళ్లీ చెప్పలేదు. హాక్ అనే వ్యక్తి, యుద్ధంలో ఊరు తగలబడితే అమ్మను, తోబుట్టువులను వెంటబెట్టుకుని సముద్రం దాటి కర్క్‌వాల్ అనే నగరానికి ముహాజిర్‌గా వస్తాడు. హాక్ మగవాడో ఆడమనిషో ఎంచుకునేది మనమే. చేతిలో పైసా లేదు, నగరం ద్వారం దగ్గరే ఆపేస్తారు. అక్కడి నుంచి ఏళ్ల తరబడి ఆ ఒక్క నగరంలో అతను ఎలా ఎదిగాడు, ఏం పోగొట్టుకున్నాడు అన్నదే కథ.

ఇంకో సంగతి మన పాఠకులకు నచ్చుతుంది. ఈ కథ చెప్పేది వారిక్ అనే మరుగుజ్జు. అతను అచ్చం దాస్తాన్‌గో. కసాండ్రా అనే అధికారిణి అతన్ని పట్టుకొచ్చి నిలదీస్తే కథ మొదలుపెడతాడు. ఆరంభంలోనే హాక్‌ను దేవ్‌లను చిటికెలో చంపేసే పహిల్వాన్‌గా చూపిస్తాడు. ఆమె కోపంగా ఆపి, అబద్ధాలు కట్టిపెట్టి అసలు జరిగింది చెప్పమంటుంది. అప్పుడు కథ మళ్లీ మొదటి నుంచి, ఈసారి మామూలు మనుషుల పరిమాణంలో నడుస్తుంది. ముబాలిగా చేసే దాస్తాన్‌గో, నిజం అడిగే శ్రోత. ఈ ఇద్దరినీ ఆటలోనే కూర్చోబెట్టారు.

ఇంత మంచి ఖయాల్ ఉండి కూడా ఆటగాళ్లు ఎందుకు గుస్సా అయ్యారు?

షికాయత్‌ల జాబితా

మొదటిది గుహ. హాక్ వేర్వేరు పనుల మీద వేర్వేరు గుహలకు వెళతాడు. పేర్లు వేరు, శత్రువులు వేరు. గుహ మాత్రం అదే. ఒకసారి ఒక తలుపు మూస్తారు, ఇంకోసారి ఇంకోటి. పైగా మూలన ఉండే చిన్న నక్షాలో మూసిన భాగాలు కూడా కనబడుతూనే ఉంటాయి. గిడ్డంగులు అంతే, హవేలీలు అంతే. నాటకం వాడు ఒకే పర్దా కట్టి అడవి అని ఒకసారి, దర్బార్ అని ఒకసారి చెబితే మనం ఒప్పుకుంటాం, ఎందుకంటే అతను ముందే మనతో ఆ ఒప్పందం చేసుకుంటాడు. ఇక్కడ అలాంటి ఒప్పందం లేదు. కొత్త చోటు అని చెప్పి పాతదే చూపించారు. అందుకే అది పేదరికంలా కాకుండా ధోకాలా అనిపించింది.

రెండోది జంగ్. ఆరిజిన్స్‌లో మైదానం చూసి పావులు పెట్టుకున్న ఆటగాడు ఇక్కడా అదే చేశాడు. బలహీనుణ్ణి వెనక నిలబెట్టాడు, పహిల్వాన్‌ను ముందు పెట్టాడు. ఎదురుగా ఉన్నవాళ్లు చచ్చారు. అంతలో ఇళ్ల కప్పుల మీద నుంచి, శూన్యంలోంచి ఇంకో గుంపు సరిగ్గా వెనకవాడి నెత్తిన దిగింది. ఆ తర్వాత మరో గుంపు. ఇక ముందుగా ఆలోచించి లాభమేంటి? షత్రంజ్ ఆడుతుంటే అవతలివాడు జేబులోంచి కొత్త పావులు తీసి బల్ల మీద పెట్టినట్టు. కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు పైనుంచి మైదానం మొత్తం చూసే వీలూ తీసేశారు.

మూడోది హీరో. ఆరు పుట్టుకలు పోయి ఒక్క హాక్ మిగిలాడు, మనిషి జాతివాడు. అతనికి గొంతు ఇచ్చారు. కొందరికి అది నచ్చింది. కానీ ఏం మాట్లాడాలో పూర్తి వాక్యం కనబడదు. ఒక చక్రం మీద రెండు మూడు మాటలు, పక్కన మెత్తగానో వెటకారంగానో కటువుగానో అన్న గుర్తు మాత్రమే కనబడతాయి. అది నొక్కాక హాక్ నోట వచ్చే మాట కొన్నిసార్లు మనం అనుకున్నది కాదు. మన నోట మనవి కాని మాటలు ఎవరో పెట్టినట్టు ఉంటుంది.

నాలుగోది సాథీలు. వాళ్లకు మనమే కవచాలు తొడిగే హక్ తీసేశారు. ఎంతో కష్టపడి సంపాదించిన మంచి కవచం సందూకులో పడి ఉంటుంది, సాథీకి ఇవ్వలేం.

అయిదోది అన్నిటికంటే లోతైనది. కథంతా మంత్రగాళ్లకూ, వాళ్లను కాపలా కాసే టెంప్లర్లకూ మధ్య జగడా. చివరికి ఆట నిన్ను నిలదీస్తుంది, ఎవరి పక్షమని. నువ్వు మంత్రగాళ్ల వైపు నిలబడితే వాళ్ల పెద్ద ఒర్సినో చివరి ఘడియలో తనే రాక్షసరూపం ఎత్తి నీ మీదే పడతాడు. టెంప్లర్ల వైపు నిలబడితే వాళ్ల కమాండర్ మెరెడిత్ నీ మీద కత్తి దూస్తుంది. ఎటు వెళ్లినా ఇద్దరితోనూ లడాయి తప్పదు. అప్పుడు అడగడం దేనికి?

జాగ్రత్తగా చూడండి, ఈ అయిదు షికాయత్‌ల జడ ఒక్కటే. మొదటి భాగం ఇచ్చిన వాదా. ఈ ఆట ఎవరూ ఆరిజిన్స్ ఆడకముందు, వేరే పేరుతో వచ్చి ఉంటే ఇంత గుస్సా వచ్చేది కాదు. రెండో భాగం అంటే కొత్త ఆట మాత్రమే కాదు, పాత భరోసాకు అమానత్ కూడా. అమానత్‌లో కొంచెం తగ్గినా మనిషి దాన్ని తూకం వేసి చూస్తాడు.

మార్కులు, మాటలు, హద్దు దాటిన మాటలు

వృత్తిగా సమీక్షలు రాసేవాళ్లు ఆటకు మంచి మార్కులే వేశారు. కంప్యూటర్ వెర్షన్ సగటు 100కి 80 దాటింది. మామూలు ఆటగాళ్లు వేసిన మార్కుల సగటు మాత్రం పదికి అయిదు లోపే ఉంది. ఈ ఫాస్లా చూసి రెండు వైపులా ఇల్జామ్‌లు మొదలయ్యాయి. సమీక్షకులు అమ్ముడుపోయారని వీళ్లు, కోపంతో కావాలని మార్కులు తగ్గిస్తున్నారని వాళ్లు. ఇంతలో సంస్థలో పనిచేసే ఒకతను తన గుర్తింపు చెప్పకుండా పదికి పది వేసి తారీఫ్ రాసినట్టు బయటపడింది. ఉన్న కొద్ది భరోసా కూడా అక్కడ జారిపోయింది.

లెక్కల్లో మాత్రం ఆట నాకామ్ కాదు. రెండు వారాల్లోపే పది లక్షల కాపీలు అమ్ముడయ్యాయని, ఇది మొదటి భాగం కంటే వేగమని కంపెనీ ప్రకటించింది. దీన్ని చూపి, గోల చేసేవాళ్లు కొద్దిమందే అన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఆలోచించండి. మొదటి రెండు వారాల్లో కొన్నవాళ్లు ఎవరి మీద భరోసాతో కొన్నారు? ఆరిజిన్స్ మీద. రెండో భాగం మొదటి వారాల అమ్మకం మొదటి భాగం సంపాదించిన ఇజ్జత్. రెండో భాగం సంపాదించుకున్న ఇజ్జత్ తెలిసేది మూడో భాగం వచ్చినప్పుడే.

ఇక్కడి దాకా ఆటగాళ్ల పక్షాన మాట్లాడాను. ఇప్పుడు వాళ్ల తప్పు కూడా చెప్పాలి.

ఈ బృందంలో ఒక రచయిత్రి ఉండేవారు. 2006లో ఎప్పుడో ఒక ఇంటర్వ్యూలో, కథ కోసం ఆడేవాళ్లకు జంగ్‌లు దాటేసి వెళ్లే వీలు ఉంటే బాగుంటుందని అన్నారు. అది ఆమె వ్యక్తిగత రాయ్. 2012 ఫిబ్రవరిలో ఎవరో ఆ పాత మాట వెతికి తీసి, డ్రాగన్ ఏజ్ చెడిపోవడానికి ఈమే కారణమని అంటగట్టారు. ఆ ఆటలో జంగ్ డిజైన్ ఆమె పని కానే కాదు. అయినా గాలీలు, ఆమె ఒంటి మీద వెకిలి మాటలు, ధమ్కీలు ఆమె మీద కురిశాయి. సంస్థ పెద్దలు ఆమె పక్షాన నిలబడ్డారు.

గుహ మళ్లీ మళ్లీ వచ్చిందని చెప్పడం షికాయత్. ఒక మనిషి ఇజ్జత్ మీద పడటం జుల్మ్. షికాయత్ పని మీద ఉంటుంది, జుల్మ్ మనిషి మీద. పైగా ఇక్కడ గురి కూడా తప్పింది. తేదీ పెట్టింది ఒకరు, దెబ్బ తిన్నది ఇంకొకరు. జీతానికి పనిచేసే నౌకర్ ఎప్పుడూ కళ్లెదుట కనబడతాడు, ఫైసలా చేసిన మాలిక్ కనబడడు. కోపం కనబడేవాడి మీదే పడుతుంది.

మరీజ్ నొప్పి చెబుతాడు, దవా హకీం రాస్తాడు

బయోవేర్ విన్నది. ఇది కూడా చెప్పాలి. 2011 జులైలో 'లెగసీ' అనే అదనపు కథ ఇచ్చారు, అందులో కొత్త చోట్లు కట్టారు. అక్టోబరులో 'మార్క్ ఆఫ్ ది అసాసిన్' వచ్చింది. మరో పెద్ద భాగం తయారు చేద్దామనుకుని ఆపేశారు. 2012 మార్చిలో, ఇక ఈ ఆటకు కొత్తవి చేర్చం, ముందుకు పోతున్నామని చెప్పేశారు. ఆ సెప్టెంబరులో వ్యవస్థాపక డాక్టర్లు మ్యుజికా, జెష్చుక్ ఇద్దరూ సంస్థ నుంచి రుఖ్సత్ తీసుకున్నారు.

2014 నవంబరులో మూడో భాగం 'డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్' వచ్చింది. షికాయత్‌ల జాబితా ముందు పెట్టుకుని చేసినట్టే ఉంటుంది. మనిషి ఒక్కడే కాదు, ఎల్ఫ్, మరుగుజ్జు, కునారీ జాతుల్లోనూ పుట్టచ్చు. సాథీలకు కవచాలు తొడగచ్చు. పైనుంచి చూసే వీలు తిరిగొచ్చింది. ఒకే గుహ అన్నారు కదా, ఇప్పుడు విశాలమైన ఎడారులు, అడవులు, మంచుకొండలు. దాస్తాన్‌గో వారిక్, అతన్ని నిలదీసిన కసాండ్రా ఇద్దరూ ఇందులో సాథీలయ్యారు. ఆ డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ ఆట పురస్కారం దానికే దక్కింది.

మరి షికాయత్‌లు ఆగాయా? లేదు. కొత్తవి పుట్టాయి. మైదానాలు పెద్దవే, మధ్యలో పని లేదు. పది మూలికలు ఏరుకురా, మెరిసే రాళ్లు వెతుకు, జెండాలు పాతు. హింటర్‌ల్యాండ్స్ అనే మొదటి ప్రాంతంలోనే జనం గంటలకు గంటలు చిక్కుకుని విసిగిపోయారు. చివరికి అది వదిలి ముందుకు కదలండి, అసలు కథ అక్కడుంది అని ఒకరికొకరు సలహాలు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక్కడే ఆ డాక్టర్ల మాట పనికొస్తుంది. హకీం దగ్గరికి వెళ్లిన మరీజ్ కడుపులో నొప్పి అంటే అది హఖ్. ఆ నొప్పి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు. కాదనే హక్ ఎవరికీ లేదు. కానీ ఫలానా మాత్ర రాయండి అని అతనే అంటే, హకీం అలాగే రాసిస్తే, అది వైద్యం కాదు. ఆటగాళ్లు చోటు ఇరుకుగా ఉందన్నారు. బదులుగా చోటు ఇచ్చారు. కానీ నొప్పి ఇరుకుది కాదు, కొత్తదనం లేనిది. వెడల్పాటి ఖాళీ మైదానంలో కూడా కొత్తదనం లేకపోతే అది పెద్ద గుహే.

టైం ఇస్తే అంతా బాగుపడుతుందా? దానికీ చరిత్ర సూటి జవాబు ఇవ్వదు. నాలుగో భాగం 'ది వీల్‌గార్డ్' రావడానికి పదేళ్లు పట్టింది, 2024 అక్టోబరు 31న వచ్చింది. ఆ పదేళ్లలో దారి పలుమార్లు మారింది. ఒక దశలో నలుగురు కలిసి నెట్ మీద ఆడే ఆటగా మలిచి, మళ్లీ ఒంటరి ఆటగాడి కథగా తిప్పారు. వచ్చాక అనుకున్నంతమంది ఆడలేదని కంపెనీయే ఒప్పుకుంది. అంటే 16 నెలల జల్దీ ఒక రోగం, దారి మార్చుకుంటూ గడిపిన పదేళ్లు ఇంకో రోగం. సబర్ అంటే ఊరికే ఎదురుచూడటం కాదు, ఒక నియ్యత్ మీద నిలబడి పనిచేయడం.

ఆఖరి ఫైసలా ఎవరిది?

తమాషా ఏమిటంటే, ఏళ్లు గడిచేకొద్దీ డ్రాగన్ ఏజ్ 2ను ప్రేమించేవాళ్లు పెరిగారు. వాళ్లు గుహను సమర్థించరు. గుంపులు గుంపులుగా ఊడిపడే శత్రువులనూ సమర్థించరు. కానీ ముహాజిర్‌గా వచ్చిన కుటుంబం కథ, ఒకే నగరంలో ఏళ్ల తరబడి కలిసి ముసలిబడే దోస్తీలు, ఎంత బలం ఉన్నా తల్లిని కాపాడుకోలేని ఆ ఒక్క ఘట్టం వాళ్లకు గుర్తుండిపోయాయి. పెద్ద మైదానాల ఆటలు చూసి విసిగాక, ఒక చిన్న నగరం కథ విలువ తెలిసొచ్చింది.

మరి 2011లో గుస్సా పడ్డవాళ్లు తప్పా? కాదు. వాళ్లు చెప్పింది నిజం, వీళ్లు చెప్పేదీ నిజం. జల్దీలో చేసిన పనిలో కూడా మెహనత్ చేసిన చేతులు ఉంటాయి. ఆ చేతుల పని ఎక్కడో ఓ చోట మెరుస్తుంది. ఆ మెరుపు కనబడాలంటే ముందు గుస్సా చల్లారాలి.

ఇదంతా ఆ రోజు దావత్‌లో భాంజాకు చెప్పాను. మధ్యలో మా దుల్హాభాయ్ కూడా చెవి ఒగ్గి విన్నారు. చివర్లో పిల్లవాడు, "అయితే మామూ, నేను షికాయత్ చేయాలా వద్దా?" అని అడిగాడు.

"చెయ్యి బేటా, తప్పకుండా చెయ్యి" అన్నాను. "డబ్బు పెట్టి కొన్నావు, నీకు హక్ ఉంది. కానీ రాసే ముందు మూడు సంగతులు చూసుకో. నీ కోపం పని మీదా, మనిషి మీదా? ఎక్కడ నొప్పో గుర్తుపట్టి చెబుతున్నావా, ఊరికే బేకార్ అంటున్నావా? బాగున్నది ఒక్కటైనా కనబడిందా? ఆ ఒక్కటీ కూడా రాస్తే నీ షికాయత్ బరువు పెరుగుతుంది."

కాసేపు ఆలోచించాడు. "సంగీతం బాగుంది. ఒక ముసలి సాథీ పాత్ర కూడా చాలా బాగుంది" అన్నాడు.

పెద్దవాళ్లకు నాదొక్కటే మనవి. మీ పిల్లలు ఆట బాగాలేదని నారాజ్ అయితే నవ్వి తోసెయ్యకండి. పక్కన కూర్చుని, ఏం ఖరాబ్ చేశారో ఒక్కొక్కటిగా చెప్పమనండి. వాదా అంటే ఏమిటో, అది తప్పితే ఎలా ఉంటుందో, ఎవరినీ కించపరచకుండా ఆ మాట ఎలా చెప్పాలో వాళ్లు అక్కడే నేర్చుకుంటారు. రేపు నౌకరీలో, వ్యాపారంలో, ఇంట్లో వాళ్లకు ఈ తమీజ్ అవసరపడుతుంది. ఆ రోజు మా ఆపా చాయ్ తెచ్చేసరికి వాడు ఫోన్‌లో తన షికాయత్ రాయడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం సంగీతం గురించి.